రొయ్యలు, పీతలు, చేపలతో తేలికైన పండ్ల సలాడ్: మన తీరంలో ఏ కాలానికి ఏది ఎంచుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామిడి చెట్లు కాయలతో వంగి ఉండే రోజులూ, సముద్రంలో వేటకు విరామం ఉండే రోజులూ దాదాపు ఒక్కటే. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలు, ఇంజను అమర్చిన పడవలు చేపల వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని ప్రభుత్వం ఈ నిషేధాన్ని అమలు చేస్తుంది. అంటే మామిడి సమృద్ధిగా ఉన్నప్పుడు సముద్రపు సరుకు తక్కువగా ఉంటుంది, సముద్రపు సరుకు బాగా దిగినప్పుడు మామిడి ఉండదు. ఉడికించిన రొయ్యలనో పీత కండనో పండ్ల ముక్కలతో కలిపి చల్లగా తినే సలాడ్ చేయదలచినవారు ముందుగా గమనించవలసింది ఈ సంగతినే. మామిడి, వంజరం అని చీటీ రాసుకుని మే నెలలో బజారుకు వెళితే, దొరికే వంజరం బహుశా ఎన్నో రోజులుగా మంచులో ఉన్నదై ఉంటుంది. అందుచేత ఈ ఎంపికను పండుతో కాక, ఈ వారం ఏ జలచరం తాజాగా దొరుకుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టి, దానికి సరిపడే పండును ఆ తరువాత వెతుక్కోవడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం.

పండుతో కలిపిన చల్లని రొయ్యలు మన భోజనంలో కొత్తగా కనిపించవచ్చు గాని, దాని వెనుకనున్న రుచి మనకు పాతదే. మామిడికాయ వేసిన రొయ్యల కూర, చింతకాయతో చేపల పులుసు వండుకునే ఇళ్లు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం పొడవునా ఉన్నాయి. రొయ్యలోని తీపికి పులుపు తోడు కావాలని ఆ ఇళ్లవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. థాయ్‌లాండ్‌లో పచ్చి బొప్పాయి తురుముతో చేసే సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు. వియత్నాంలో పంపరపనస తొనలను ఉడికించిన రొయ్యలతో కలుపుతారు. ఆ రెండు పండ్లూ మన ఉద్దానం తోటల్లో పెరిగేవే. పెరూ దేశపు సెవిచే, హవాయి దీవుల పోకే మాత్రం పచ్చి చేపతో చేసే వంటకాలు కనుక, వాటిని ఈ పోలికలోకి తీసుకోవడం లేదు. నిమ్మరసంలో నానిన చేప తెల్లబడి ఉడికినట్టు కనబడుతుంది గాని, ఆ పులుపు పరాన్నజీవులను గాని, సముద్రపు నీటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియాను గాని నమ్మదగినంతగా చంపలేదు. మన ఎండలకు, మన రవాణాకు ఆ పద్ధతి తగదు. ఇక్కడ చెప్పేవన్నీ పూర్తిగా ఉడికించి చల్లార్చిన సరుకుతో చేసేవే.

రొయ్యా, పీతా, చేపా?

ఈ సలాడ్‌కు మొదటి స్థానం రొయ్యదే. ముళ్లు ఉండవు, త్వరగా ఉడుకుతుంది, చల్లారిన తరువాత కూడా రుచి తగ్గదు, పైగా వంద గ్రాముల రొయ్య మాంసంలో 20 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉండి, శక్తి మాత్రం వంద కేలరీలకు మించదు. అయితే రొయ్యల్లోనూ ఎంపిక ఉంది. సముద్రంలో పట్టిన తెల్ల రొయ్యకు కండ బిగువుగా, రుచి తీపిగా, కాస్త ఉప్పగా ఉంటుంది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్య రుచి దానికన్నా నెమ్మదైనది. ఈ తేడాకు కారణం ఉంది. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటిలో బతికే రొయ్య, బయటి ఉప్పుకు దీటుగా తన కండలో గ్లైసీన్ వంటి అమైనో ఆమ్లాలను నిలవ చేసుకుంటుంది. మన నాలుకకు తీపిగా తగిలేవి అవే. ఉప్పు తక్కువగా ఉన్న చెరువు నీటిలో పెరిగిన రొయ్యకు ఆ అవసరం తక్కువ కాబట్టి అది చప్పగా ఉంటుంది. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన ఈ వనామీ సాగుకు మన దేశంలో 2009లో అనుమతి లభించింది. ఇప్పుడు పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లోనూ, శ్రీకాకుళం తీర మండలాల్లోనూ చెరువులు కనబడతాయి. వేట నిషేధం రోజుల్లో తాజాగా దొరకగలిగేది ఈ చెరువు రొయ్యే. కనుక దానిని తక్కువ రకమని పక్కన పెట్టకుండా, దాని చప్పదనానికి తగిన పండును వెతకడం తెలివైన పని. చప్పని రొయ్యకు పులుపూ ఘాటూ గట్టిగా ఉండే జత కావాలి, తియ్యని సముద్రపు రొయ్యకు దాని రుచిని కప్పేయని సున్నితమైన పండు కావాలి.

కొనేటప్పుడు కౌంట్ అడగండి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే లెక్క అది. సలాడ్‌కు 50 నుంచి 60 కౌంట్ రొయ్య సరిగ్గా సరిపోతుంది. ముప్పై కౌంట్ రొయ్య వేపుడుకు బాగుంటుంది గాని, పండు ముక్కతో కలిసి ఒకే నోటికి రాదు. వంద కౌంట్ రొయ్య ఉడికేసరికి చిన్నబోయి పండ్ల మధ్య కనబడకుండా పోతుంది. తల, పెంకు తీసేసరికి బరువు దాదాపు సగానికి తగ్గుతుంది కాబట్టి, నలుగురికి 300 గ్రాముల కండ కావాలంటే ఆరు వందల గ్రాముల రొయ్యలు తీసుకోవాలి. ఒలిచి అమ్మే రొయ్యకన్నా పెంకుతో ఉన్నదే మేలు, ఎందుకంటే తాజాదనం చెప్పేది పెంకే. తల శరీరానికి బిగిసి ఉండాలి, పెంకు మెరవాలి, అమ్మోనియా ఘాటు ఏ మాత్రం రాకూడదు. తల దగ్గర నలుపు మొదలైతే అది విషం కాదు గాని, పట్టి చాలాసేపయిందని తెలుసుకోవాలి.

ఉడికించే పద్ధతుల్లో నీటిలో ఉడకబెట్టడం, ఆవిరిపై ఉడికించడం, పెనం మీద కాల్చడం అని మూడు దారులున్నాయి. నీటిలో ఉడికిస్తే సులువు, కాని రుచి కొంత నీటిలోకి పోతుంది. చెరువు రొయ్యకు అసలే రుచి తక్కువ కాబట్టి ఆవిరి దారే దానికి తగినది. ఇడ్లీ పాత్రలో పెంకుతోనే పరచి మూడు నాలుగు నిమిషాలు ఉంచితే చాలు. సముద్రపు రొయ్యను ఉప్పు వేసిన మరిగే నీటిలో రెండు, రెండున్నర నిమిషాలు ఉంచవచ్చు. పెనం మీద కాల్చితే కమ్మని వాసన వస్తుంది గాని నూనె చేరుతుంది, ఆ నూనె చల్లారాక పండ్ల మీద మెరుగులా తేలుతుంది. ఏ దారి పట్టినా, రొయ్య కొద్దిగా వంగి, కండ పారదర్శకత పోయి తెల్లగా, పైన ఎర్రగా మారగానే తీయాలి. గట్టిగా గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ఎక్కువ ఉడికి రబ్బరులా సాగుతుంది. తీసిన వెంటనే మంచు నీటిలో రెండు నిమిషాలు ముంచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్లటి పేగు లాగేసి, పొడి గుడ్డతో తడి ఒత్తివేయాలి. ఈ చివరి పనిని చాలామంది వదిలేస్తారు. సలాడ్ అడుగున నీళ్లు నిలవడానికి సగం కారణం రొయ్యలో మిగిలిన తడే.

పీత కండ రొయ్య కన్నా సున్నితమైనది, తియ్యనిది. దానితో చేసిన సలాడ్‌ను రుచిలో రొయ్య సలాడ్ మించుతుంది అనుకోవడం కష్టమే, కాని ఆ పనికి ఓపిక కావాలి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, చంపావతి కలిసే కోనాడ వంటి నదీముఖాల దగ్గర మండపీతలు, సముద్రం నుంచి చుక్కల పీతలు వస్తాయి. మండపీతను ప్రాణంతో ఉన్నప్పుడే కొనాలి, కడుపు వైపు పెంకును వేలితో నొక్కితే లోపలికి పోకుండా గట్టిగా ఉండాలి. మెత్తగా అణిగితే ఇటీవలే పెంకు విడిచిన పీత అన్నమాట, లోపల నీరే ఎక్కువ. కిలో పీతలకు చేతికి వచ్చే కండ పావు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఖర్చు రొయ్యకన్నా చాలా ఎక్కువ. ఒలిచిన కండలో పెంకు ముక్కలు ఉండకుండా రెండుసార్లు వేళ్లతో వెతకాలి, పిల్లలకు పెట్టేటప్పుడు మరీ ముఖ్యం. నలుగురికి మించి వడ్డించాలంటే పీత వద్దు.

చేపల్లో సలాడ్‌కు తగినవి కొన్నే. పండుగప్పను ఆవిరిపై ఉడికిస్తే తెల్లటి పెద్ద రేకులుగా విడుతుంది, ముళ్లు తీయడం సులువు, చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి నిషేధం రోజుల్లోనూ దొరికే అవకాశం ఉంది. వంజరం, అంటే మన వైపు కోనెం, వేపుడుకు రాజు వంటిదే గాని, చల్లారితే పొడిబారుతుంది. చందువా రుచి గొప్పదైనా రేకు సన్నం. సూర, కానాగంత వంటి ఎర్ర కండ చేపల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఇవి మంచు లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. దానిని తరువాత ఎంత ఉడికించినా పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పడవ దిగిన చోటే కొని, కిలో చేపకు కిలో మంచు చొప్పున వేసి తెచ్చుకోగలిగితే తప్ప, ఎర్ర కండ చేపలను సలాడ్‌కు వాడకండి. స్క్విడ్ దొరికితే ఒకటి రెండు నిమిషాలకు మించి ఉడికించకూడదని గుర్తుంచుకుంటే చాలు.

ఎండు రొయ్యలు ఈ పోలికలో విడిగా నిలుస్తాయి. వాటితోనే సలాడ్ చేయడం కుదరదు, కాని దోరగా వేయించి తలలూ మీసాలూ దులిపి, కచ్చాపచ్చాగా దంచిన పొడిని చివర్లో ఒక చెంచా చల్లితే చప్పని చెరువు రొయ్యకు లేని రుచి వచ్చి చేరుతుంది. వేట లేని రెండు నెలల్లో నేను దీనిని తప్పనిసరి అంటాను.

పండు ఏది కావాలి

సలాడ్‌కు పండును ఎంచేటప్పుడు తినడానికి ఏది బాగుంటుందని కాక, ఏది ముక్కగా నిలుస్తుందని అడగాలి. బాగా పండి రసం కారే పండు రొయ్యను తీపిలో ముంచి, ఉప్పు తగలగానే నీరు వదిలి, పది నిమిషాల్లో మొత్తాన్ని జావ చేస్తుంది. అందుకే మామిడిలో రసాల జాతులన్నీ ఈ పనికి రావు. బంగినపల్లి పీచు లేకుండా గట్టిగా ఉంటుంది గాని, పండితే తీపి మరీ ఎక్కువ, దోరగా ఉన్నప్పుడు మాత్రం చక్కగా పనికొస్తుంది. విజయనగరం వైపు ప్రసిద్ధమైన సువర్ణరేఖ ముందుగా కోతకు వస్తుంది, ఎర్రటి బుగ్గతో అందంగా ఉంటుంది. దానిని కూడా మెత్తబడక ముందే వాడాలి. అన్నిటిలో నేను ముందుగా చెప్పేది కలెక్టరు మామిడిని, అంటే తోతాపురిని. దోరగా ఉన్న కలెక్టరు కాయలో తీపీ పులుపూ సమానంగా ఉంటాయి, ముక్క కరకరలాడుతుంది, గంటసేపు అయినా నీరు వదలదు. దోరకాయ వాడటంలో మరో లాభం ఉంది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధమే అయినా, బజారులో పసుపురంగు చూసి ఏది ఎలా పండిందో చెప్పడం కష్టం. మగ్గబెట్టవలసిన అవసరమే లేని దోరకాయకు ఆ భయం తక్కువ. తొడిమ దగ్గర కారే సొన చర్మానికి మంట పెడుతుంది కనుక, కాయను కడిగి, తొడిమ వైపు మందంగా కోసి పారేయాలి.

పంపరపనసను మనం వినాయక చవితికి పూజలో పెట్టి, ఆ తరువాత మరచిపోవడం ఎక్కువ. నిజానికి సముద్రపు రొయ్యకు ఇంతకన్నా మంచి జత లేదు. తొన పైనున్న తెల్లటి పొర మొత్తం వలిచి, లోపలి ముత్యాలను విడదీస్తే, ఒక్కో ముత్యం తన రసాన్ని తనలోనే దాచుకుని నోట్లో పడ్డాకే పగులుతుంది. సలాడ్ అడుగున నీరు నిలవదు, పులుపు సున్నితంగా ఉంటుంది, రొయ్య తీపి స్పష్టంగా తెలుస్తుంది. పొర ఏ కొంచెం మిగిలినా చేదు వస్తుంది కాబట్టి వలిచే పని నిదానంగా చేయాలి. పైగా అది దొరికే చవితి రోజులు, వేట మళ్లీ మొదలై సముద్రపు సరుకు వచ్చే రోజులు. ఆ కాలంలో మిగతా పండ్ల గురించి ఆలోచించనక్కరలేదు.

అనాస విషయం కొంచెం లోతుగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇంటర్నెట్‌లో కనబడే వంటకాల్లో ఎక్కువగా ఉండేది అదే. సీతంపేట ఏజెన్సీ కొండల్లో సవర రైతులు పండించే అనాస వర్షాలు మొదలయ్యే వేళకు పార్వతీపురం, పాలకొండ, శ్రీకాకుళం బజార్లకు వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, ఆ పండు దారి మారలేదు. రుచికి, వాసనకు దానికి వంక పెట్టలేము. కాని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంది, అది మాంసకృత్తులను విడగొడుతుంది. పచ్చి అనాస ముక్కలతో కలిపి అరగంట ఉంచిన రొయ్య పైభాగం పిండిలా మెత్తబడి బిగువు పోతుంది. దీనికి మందు వేడి. ముక్కలను వేడి పెనం మీద రెండు వైపులా గోధుమ రంగు వచ్చేదాకా కాల్చి, పూర్తిగా చల్లార్చి కలిపితే ఎంజైమ్ పని చేయదు, తీపికి కమ్మదనం కూడా తోడవుతుంది. డబ్బాలో వచ్చే అనాస ముందే వేడి చేసినది కనుక మెత్తబరచదు, కాని చక్కెర పాకంలో ఉన్నదాన్ని తేలికైన సలాడ్‌లో ఎందుకు వేయాలి? కాల్చే ఓపిక లేకపోతే, వడ్డించే క్షణంలోనే కలిపి వెంటనే తినాలి.

బొప్పాయికీ ఇటువంటి గుణమే ఉంది, పచ్చికాయ పాలలోని పపైన్ మాంసాన్ని మెత్తబరుస్తుంది. మాంసం కూరలో బొప్పాయి కాయ ముక్క వేయడం అందుకే. పండిన బొప్పాయిలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోతుంది. ఏడాది పొడవునా దొరికే పండు కనుక ఏదీ కుదరనప్పుడు ఇది ఆదుకుంటుంది, ముఖ్యంగా ఆవిరిపై ఉడికించిన పండుగప్పకు దీని మెత్తని తీపి నప్పుతుంది. పులుపు లేని పండు కాబట్టి నిమ్మరసం రెట్టింపు వేయాలి. పచ్చికాయ తురుము వాడాలనుకుంటే, ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి, పిండి, కడిగి వాడండి. గర్భిణులకు పచ్చి బొప్పాయి పెట్టకూడదు.

వేసవిలో మన దగ్గర దొరికి, పైన చెప్పిన థాయ్, వియత్నాం సలాడ్లలో లేనిది తాటి ముంజె. పై తొక్క తీసిన లేత ముంజెను చక్రాలుగా కోసి పీత కండతో కలిపితే, రెండింటిలో ఏదీ మరొకదాన్ని మించదు. ముంజెకు సొంత పులుపు లేదు, రుచి కూడా అంతంత మాత్రమే. కాని దాని చల్లదనమే దాని విలువ. లేత కొబ్బరి కూడా అటువంటిదే. ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి చెట్ల స్థానంలో నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ తోటల కొబ్బరిని, పలాస జీడిపప్పును ఈ సలాడ్‌లో వాడటం రుచికీ మంచిదే, రైతుకూ మంచిదే. జీడిపప్పును మాత్రం గుప్పెడుకు మించనివ్వకూడదు. పనస తొన వాసన రొయ్యను పూర్తిగా కప్పేస్తుంది కనుక వద్దు. సపోటా, అరటి మెత్తదనం వల్ల పనికిరావు. జీడిమామిడి పండు వగరు గొంతు పడుతుంది.

తేలికదనం డ్రెస్సింగ్‌లో ఉంది

రొయ్య, పండు రెండూ తేలికైనవే. సలాడ్ బరువెక్కేది పైన కలిపే డ్రెస్సింగ్ వల్ల, అంటే రుచి కోసం చేర్చే నూనె, పులుపు మిశ్రమం వల్ల. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి, మయోనైజ్ పెద్ద చెంచాకు తొంభై పైన ఉంటాయి. బేకరీ సలాడ్లలో మయోనైజ్ నాలుగైదు చెంచాలు పడుతుంది, అక్కడికి రొయ్య తేలికదనానికి అర్థం లేకుండా పోతుంది. పైగా అది పండు పులుపును మందగింపజేస్తుంది. దానిని నేను సూచించను.

మిగిలిన వాటిలో నిమ్మరసం, చెంచా నువ్వుల నూనె, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉప్పు కలిపిన సాదా డ్రెస్సింగ్ పంపరపనసకు, సముద్రపు రొయ్యకు సరిపోతుంది. పలచని కొబ్బరి పాలలో అల్లం రసం, నిమ్మరసం కలిపినది పీతకు, కాల్చిన అనాసకు బాగుంటుంది, చిక్కటి పాలు వాడితే మళ్లీ కొవ్వు పెరుగుతుంది. పెరుగు కలిపితే తేలికే గాని, చేపతో పెరుగు కలపని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అతిథులకు వడ్డించేటప్పుడు ఆ పట్టింపును గౌరవించడమే మర్యాద.

నా మొగ్గు మాత్రం ఆవ వైపే. పనసపొట్టుకూ అరటికాయకూ ఆవ పెట్టి వండే ఉత్తరాంధ్రలో, అదే ఆవను దోర మామిడికీ చెరువు రొయ్యకూ వాడకపోవడం నాకు వెలితిగా తోస్తుంది. అర చెంచా ఆవాలను పొడి చేసి, చల్లని నీటితో ముద్దగా కలిపి పది నిమిషాలు వదిలేయాలి. ఆవ ఘాటు గింజలో ముందే ఉండదు, నలిగిన గింజకు నీరు తగిలాక ఒక ఎంజైమ్ పనిచేసి దానిని పుట్టిస్తుంది. వేడి నీరు పోసినా, మొదటే నిమ్మరసం పిండినా ఆ పని మందగించి చేదు మిగులుతుంది. పది నిమిషాల తరువాత నిమ్మరసం, ఉప్పు, చిటికెడు బెల్లం, చెంచా నువ్వుల నూనె చేర్చాలి. ఇది చప్పని వనామీని నిలబెట్టే డ్రెస్సింగ్, పంపరపనస మీద మాత్రం వేయకండి, ఆ సున్నితత్వం ఆవ కింద నలిగిపోతుంది.

కలిపే వరుస కూడా ముఖ్యం. రొయ్యకు ముందుగా డ్రెస్సింగ్‌లో సగం పట్టించి ఫ్రిజ్‌లో పావుగంట ఉంచాలి, పండు, కీర దోసకాయ ముక్కలను విడిగా చల్లబరచాలి, వడ్డించేముందు రెండింటినీ కలిపి మిగతా డ్రెస్సింగ్, కొత్తిమీర, పుదీనా చేర్చి, ఉప్పు చివర్లోనే సరిచూడాలి. ఉప్పు ముందే వేస్తే ఏ పండైనా నీరు వదులుతుంది. నలుగురికి 300 గ్రాముల రొయ్యకు 250 గ్రాముల పండు, ఒక చిన్న కీర సరిపోతాయి. పండు అంతకు మించితే అది రొయ్యలు వేసిన పండ్ల ముక్కలవుతుంది.

ఎవరికి తగదు

రొయ్య, పీత పడనివారు ఎలాగూ దూరంగా ఉంటారు. జీడిపప్పు పడనివారు మామిడితోనూ జాగ్రత్తగా ఉండాలి, రెండూ ఒకే కుటుంబపు చెట్లు. పంపరపనసలోని కొన్ని పదార్థాలు, గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండులో ఉన్నట్టే, కొన్ని కొలెస్ట్రాల్, రక్తపోటు మందుల మోతాదును ఒంట్లో పెంచగలవు కాబట్టి, ఆ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగి తినాలి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు తెలుసు. ఆ జబ్బు ముదిరినవారికి పొటాషియం తగ్గించమని వైద్యులు చెబుతారు, మామిడి, బొప్పాయి, జామ, కొబ్బరి నీళ్లలో అది గణనీయంగా ఉంటుంది. ఇంట్లో అటువంటివారు ఉంటే వారి పళ్లెంలో పండు ఏది, ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. స్టార్ ఫ్రూట్ మాత్రం మూత్రపిండాల రోగులకు ప్రాణాంతకం కాగలదు, అలంకారానికి కూడా వేయవద్దు.

కలిపిన సలాడ్‌ను బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండ రోజుల్లో గంటే గడువు. బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరాలకు వనభోజనానికి తీసుకువెళ్లేవారు రొయ్యను మంచు డబ్బాలోనూ, పండును విడి డబ్బాలోనూ, డ్రెస్సింగ్‌ను సీసాలోనూ పెట్టుకుని అక్కడే కలుపుకోవాలి.

కాలాన్ని బట్టి చూస్తే, ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు చెరువు రొయ్య, దోర కలెక్టరు మామిడి, ఆవ డ్రెస్సింగ్, పైన ఎండు రొయ్యల పొడి అన్న కూర్పును ఎంచుకోండి. పీతలు దొరికిన రోజున ముంజెలకు మారండి. వేట తిరిగి మొదలైన తొలి వారాల్లో సముద్రపు రొయ్యకు కాల్చిన సీతంపేట అనాస, చవితి నుంచి పంపరపనస. సంక్రాంతి నాటికి ఇవేవీ ఉండవు గాని జామ ఉంటుంది. దోర జామకాయ గింజ భాగం తీసేసి సన్నని చీలికలుగా కోసి, నిమ్మరసం, మిరియాల పొడితో పండుగప్ప రేకులకు కలిపితే సరిపోతుంది. ఆ నెలల్లో జామ దొరకని చోట బొప్పాయి వేసి, నిమ్మకాయ ఒకటి ఎక్కువ పిండండి.